రాత్రి బస్సు దిగిన బాటసారికి సీలేరులో దిక్కెవరు?

సీలేరు: కొండల మధ్య గంటల తరబడి మెలికలు తిరిగి వచ్చిన బస్సు సీలేరులో ఆగగానే దిగేవాళ్లు రెండు రకాలు. దిగుతూనే చీకట్లోకి చూసి ఎవరినో పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక రకం. వారికోసం తమ్ముడో, బావమరిదో టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉంటాడు. మూట భుజానికెత్తుకుని కబుర్లాడుకుంటూ వెళ్లిపోతారు. రెండో రకం మనిషి ఒక్కడే దిగుతాడు. బస్సు లైట్ల వెలుతురులో నాలుగు వైపులా చూస్తాడు. బస్సు కదిలిపోతే ఆ వెలుతురూ పోతుంది. అక్కడినుంచి తెల్లవారే వరకు అతని పాట్లు అతనివి.

ఆ మనిషి ఎవరైనా కావచ్చు. ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం వచ్చి చేరడానికి కోస్తా నుంచి వచ్చిన టీచరు. ఆరోగ్య కేంద్రానికి పోస్టింగు పడిన నర్సు. విద్యుత్ కేంద్రంలో మరమ్మతులకు కాంట్రాక్టరు పంపిన ఫిట్టరు. ఒడిశాలోని చిత్రకొండ పోవలసి ఉండి బండి తప్పిపోయిన చిన్న వర్తకుడు. ఈ మధ్య కాలంలో భుజాన సంచీ తగిలించుకుని కొండలు చూద్దామని బయలుదేరే పట్నం కుర్రాళ్లు కూడా చేరారు. అందరి ప్రశ్నా ఒకటే. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి?

సీలేరు పేరు తెలియని వారు తెలుగునాట తక్కువ. కరెంటు అన్నప్పుడల్లా ఆ పేరు వినబడుతుంది. కాని ఆ ఊరు చూసినవారు చాలా తక్కువ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టేవరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, గూడెం కొత్తవీధి మండలంలో ఉంది. విశాఖ నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. మైదానంలో రెండు వందల కిలోమీటర్లంటే నాలుగైదు గంటల ప్రయాణం. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. పొద్దున్న ఎక్కినవాడికి పొద్దు వాలిపోతుంది. మధ్యాహ్నం ఎక్కితే అర్ధరాత్రే.

ఘాట్ రోడ్డు కథ

నర్సీపట్నం దాటిన తర్వాత ఘాట్ మొదలవుతుంది. లంబసింగి వచ్చేసరికి కిటికీ తలుపులు దించమని వెనకనుంచి కేకలు వినబడతాయి. చలికాలంలో ఆంధ్రదేశంలో ఎక్కడా లేని చలి అక్కడ. తెల్లవారుజామున గడ్డిమీద మంచు పేరుకునే రోజులుంటాయి. దానికి కొర్రబయలు అని మరో పేరు. చలికి మనిషి కొయ్యబారిపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. విశాఖలో చొక్కాతో ఎక్కి, ఉక్కపోతకు విసుక్కున్న మనిషి ఇక్కడ తువ్వాలు చెవులకు చుట్టుకుంటాడు. సీలేరు మొదటి రాత్రి కష్టాల్లో సగం ఈ ఒక్క తెలియనితనం వల్లనే. దుప్పటి తెచ్చుకోవాలని ఎవరూ చెప్పరు.

ఆ తర్వాత చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషన్ ఈ ఊళ్లోదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆ తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం రోడ్డే అన్న సంగతి బస్సులో కూర్చున్నవారికి గుర్తుండదు. గూడెం డిప్యూటీ తహసిల్దారు బాస్టియన్ గిరిజనుల చేత కొండల్లో రోడ్డు పనులు బలవంతాన చేయించి, కూలి సరిగా ఇవ్వలేదు. ఆకలి కడుపులతో రాళ్లు కొట్టినవాళ్లే తర్వాత విల్లంబులు పట్టారు. మన్యంలో రోడ్డు ఎవరి చెమటతో పడిందో తెలుసుకుంటే, ఘాట్‌లో కుదుపులకు ఆర్టీసీని తిట్టుకునే నోరు కాస్త ఆగుతుంది.

చింతపల్లి దాటితే ఆర్‌.వి. నగర్ కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటిమీద అల్లుకున్న మిరియపు తీగలు, కింద కాఫీ మొక్కలు. పగలు చూసినవారికి కన్నులపండుగ. రాత్రి పూట నల్లటి గోడ తప్ప మరేం కనిపించదు. గూడెం కొత్తవీధిలో టీ కోసం ఆగిన బస్సు మళ్లీ కదిలితే సప్పర్ల, దారకొండ మీదుగా సీలేరు వరకు అంతా అడవే. దారకొండ దగ్గర ధారాలమ్మ గుడి ఉంది. డ్రైవర్లకు ఆ తల్లి మీద నమ్మకం మెండు. కొబ్బరికాయ కొట్టే తీరిక లేకపోతే కనీసం చెయ్యెత్తి దండం పెట్టి ముందుకు సాగుతారు. కింద లోయ ఎంత లోతుందో తెలిసినవారికి ఆ దండంలో వింతేమీ కనబడదు.

వానాకాలంలో అయితే ఈ ప్రయాణానికి వేళంటూ ఉండదు. ఒక చెట్టు అడ్డంగా కూలితే చాలు. కొండచరియ విరిగి పడితే మరీను. దింపిన చోటే రాత్రంతా బస్సులో కూర్చోవలసిందే. సెల్‌ఫోన్ చేతిలో ఉన్నా కొండ మలుపుల్లో సిగ్నల్ అందదు. ఇంట్లోవాళ్లకు "చేరాను" అని ఒక్క ముక్క చెప్పుకునే వీలు ఉండదు.

"ఎవుల తాలూకా బాబూ?"

సీలేరులో దిగిన కొత్తవాడిని పలకరించే మొదటి మాట ఇది. టీ బడ్డీ మూసుకుంటున్న ముసలాయన అడగవచ్చు. పొయ్యి దగ్గర చలి కాగుతున్న కూలివాడు అడగవచ్చు. పట్నంలో ఇలా అడిగితే నీకెందుకు అనిపిస్తుంది. ఇక్కడ ఆ ప్రశ్నకు అర్థం వేరు. నువ్వు ఎవరి మనిషివో తెలిస్తే నిన్ను ఎక్కడికి పంపాలో తెలుస్తుంది. బడి పేరు చెబితే ఫలానా మాస్టారి ఇల్లు చూపిస్తారు. జెన్‌కో ఇంజనీరు పేరు చెబితే కాలనీ దారి చూపిస్తారు. ఎవరి పేరూ చెప్పలేని వాడితోనే చిక్కు. ఆ మనిషిని కూడా వదిలెయ్యరు గాని, ముందు కాసేపు ఎగాదిగా చూస్తారు.

పట్నాల్లో మాదిరిగా బస్సు దిగగానే బోర్డు చూసుకుని గది తీసుకునే పద్ధతి మన్యంలో సాగదు. విద్యుత్ సంస్థ అతిథి గృహం ఉన్నది. అయితే అది అధికారుల కోసం. ముందుగా అనుమతి తీసుకుని రావాలి. అర్ధరాత్రి గేటు దగ్గర నిలబడి బతిమాలితే వాచ్‌మన్ చెయ్యగలిగింది ఏమీ లేదు. అతని ఉద్యోగం అతనిది. కాలనీలో క్వార్టర్లున్నా అవి ఉద్యోగులవి. తెలిసినవారుంటే వరండాలో చాప దొరుకుతుంది. తెలిసినవారు లేకపోతే కొట్ల ముందున్న అరుగే గతి.

ఇక్కడ లాడ్జీల వ్యాపారం మైదానంలోలా ఎందుకు పెరగలేదని కొత్తవారు అడుగుతుంటారు. జవాబు చట్టంలో ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో నిబంధన చేశారు. 1970లో దాన్ని బిగించారు. జనం నోట 1/70గా నిలిచిన చట్టం అదే. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనలేడు. ఒక గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. కాబట్టి మైదానపు షావుకారు వచ్చి స్థలం కొని మేడ కట్టి గదులు అద్దెకివ్వడానికి వీలులేదు. ఈ చట్టం లేకపోతే బగతలు, కొండదొరలు, కొండకమ్మరులు, కోందులు ఈపాటికి తమ గడ్డమీద తామే కూలీలయ్యేవారు. కనుక ఒక రాత్రి పడక దొరకలేదని చట్టాన్ని ఆడిపోసుకోవడం తగదు. గిరిజన యువకులకు ఐటీడీఏ అప్పు ఇప్పించి నాలుగు గదుల బస కట్టించుకోమంటే అడ్డం వచ్చే చట్టమేమీ లేదు. ఆ పని చేయాలన్న ఆలోచన కావాలి. ఆదాయం గిరిజనుడికి, పడక బాటసారికి.

కరెంటు పుట్టిన చోట

అర్ధరాత్రి అరుగుమీద కూర్చున్నవాడికి ఏటి చప్పుడు తోడుంటుంది. ఈ ఏరు మామూలు ఏరు కాదు. మాడుగుల కొండల్లో మాచ్‌ఖండ్‌గా పుట్టి, డుడుమ దగ్గర జలపాతమై దూకి, ఒడిశాలో బలిమెల జలాశయంలో నిలిచి, అక్కడినుంచి సీలేరు అన్న పేరుతో దిగుతుంది. డుడుమ నీటితో మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఎగువ సీలేరులో మొదటి రెండు యూనిట్లు 1967, 68లో తిరిగాయి. మరో రెండు 1994, 95లో చేరాయి. ఒక్కొక్కటి 60 మెగావాట్లు, మొత్తం 240. దిగువన డొంకరాయిలో 25, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 1976–78 మధ్య వచ్చిన నాలుగు యూనిట్లలో 460. అంతా కలిపితే 725 మెగావాట్లు. చక్రాలు తిప్పిన నీరు వృథా పోదు. శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో చేరి, దాళ్వా కాలంలో డెల్టా వరి చేలను తడుపుతుంది. వేసవిలో గోదావరి ఎండితే కోనసీమ రైతు ఎదురుచూసేది సీలేరు నీటికోసమే.

ఇంత వెలుగు పంచిన చోట చుట్టుపక్కల గూడేలు ఏళ్ల తరబడి కిరసనాయిలు బుడ్లతో గడిపాయి. దీపం కింద చీకటి అన్న సామెత ఎక్కడో పుట్టి ఉంటుంది గాని, చెల్లింది మాత్రం ఇక్కడే.

ప్రాజెక్టు కట్టిన రోజుల్లో వచ్చినవాళ్ల మొదటి రాత్రులు ఇంతకన్నా గడ్డువి. అప్పుడు ఊరే లేదు. కోస్తా జిల్లాలనుంచి లారీల్లో వచ్చిన కూలీలకు రేకుల షెడ్లు, తాటాకు పాకలే దిక్కు. మట్టి తవ్వడానికి వచ్చినవారు, రాయి పగలగొట్టడానికి వచ్చినవారు, వాళ్లకు అన్నం వండి పెట్టడానికి వచ్చినవారు కలిసి ఒక ఊరయ్యారు. వారి మనుమలు నేడు సీలేరు మాది అంటారు. అడవిలో పులి అరుపు వినబడితే డబ్బాలు మోగించిన కథలు ఆ ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాటిలో నిజమెంతో పెంచిందెంతో గాని, జ్వరం సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం.

పులికన్నా దోమ

మన్యం అంటే మైదానం జనానికి తరతరాలుగా ఉన్న భయం పులి కాదు, చలిజ్వరం. మొదటి రాత్రి ఇక్కడ బయట పడుకునే బాటసారి ఈ ఒక్క సంగతి గట్టిగా తెలుసుకోవాలి. మలేరియా మోసే దోమ రాత్రిపూటే కుడుతుంది. చప్పుడు పెద్దగా చెయ్యదు. కుట్టిన రాత్రి ఏమీ కాదు. మర్నాడూ ఏమీ కాదు. వచ్చిన పని ముగించుకుని బాటసారి తన ఊరు చేరిపోతాడు. పది పదిహేను రోజులకు ఒళ్లు వణికి జ్వరం వస్తుంది. అప్పుడు ఊరి డాక్టరు దగ్గరకు వెళ్తే టైఫాయిడ్ అని మందులిచ్చే ప్రమాదం ఉంది. సీలేరులో ఒక రాత్రి పడుకున్నానని రోగి చెప్పకపోతే డాక్టరుకు తెలిసేదెలా? మెదడుకెక్కే రకం మలేరియా ఈ కొండల్లో ఉంది. రక్తపరీక్ష ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

దోమకు మలేరియాకు సంబంధం ఉందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. కనిపెట్టి నూరేళ్లు దాటినా దోమతెర సంచిలో పెట్టుకుని బయలుదేరే ప్రయాణికుడు నూటికి ఒక్కడు కనిపించడు. నిండా కప్పే దుప్పటి, చేతులు కప్పే చొక్కా, దొరికితే దోమతెర. ఇవి లేకపోతే పొయ్యి పొగ దగ్గర కూర్చుని తెల్లవార్చడం నయం. పొగకు కళ్లు మండుతాయి. మంటే నయం, జ్వరం కన్నా.

కొత్త ముఖం కనబడితే

ఒక కాలంలో సీలేరులో రాత్రి దిగిన కొత్త మనిషికి పడక సంగతి రెండో సమస్య. ముందు తానెవరో రుజువు చేసుకోవాలి. నక్సలైట్ల ఉద్యమం ముమ్మరంగా సాగిన ఏళ్లలో ఈ దారి రెండు తుపాకుల మధ్య దారి. పోలీసులకు కొత్త ముఖం మీద అనుమానం. అడవిలో ఉన్నవారికి ఇన్‌ఫార్మరేమోనని అనుమానం. ఎవరికి ఏ జవాబు చెప్పాలో తెలియక నోరు పెగలని ప్రయాణికులు ఎందరో. 1987 డిసెంబరు 27న తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర గిరిజనుల పక్షాన నిలిచే అధికారిగా పేరున్న ఎస్‌.ఆర్‌. శంకరన్‌తో సహా ఐఏఎస్ అధికారులనే పీపుల్స్‌వార్ దళం తీసుకుపోయింది. తర్వాత విడిచిపెట్టారు. అటువంటి వారికే తప్పనిది అనామక బాటసారికి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ దళం వెళ్తున్న లాంచీపై మావోయిస్టులు దాడి చేశారు. 38 మంది చనిపోయారు. ఆ తర్వాత చాలాకాలం ఈ ప్రాంతమంతా బిక్కుబిక్కుమంటూ గడిపింది.

జూలై 28 నుంచి ఆగస్టు 3 వరకు, డిసెంబరు 2 నుంచి 8 వరకు జరిగే మావోయిస్టు వారోత్సవాల్లో రాత్రి బస్సులు ఆపివేయడం ఆ ఏళ్లలో మామూలైపోయింది. సంగతి తెలియక బయలుదేరినవారు మధ్యలో దిగి, ఎవరి అరుగుమీదో పడుకున్నారు. ఆ అరుగు వాళ్లు కూడా తెల్లవారి ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చేది. అపరిచితుడికి అన్నం పెట్టడం మన్యంలో తరాలనాటి అలవాటు. ఆ అలవాటుకు భయం పట్టుకున్న రోజులవి. అంత జరిగినా అన్నం పెట్టడం మానలేదు. అది ఇక్కడివారి గొప్పతనం.

ఇప్పుడు ఆ భయం సద్దుమణిగింది. 2018 జూలైలో బలిమెల జలాశయం మీద గురుప్రియ వంతెన తెరిచాక, నీటి మధ్య దశాబ్దాలపాటు చిక్కుకుపోయిన ఒడిశా కటాఫ్ గ్రామాలకూ దారి ఏర్పడింది. కాని కొత్త ముఖాన్ని చూస్తే అనుమానించే కారణం మరొకటి వచ్చి పడింది.

"ఈ సంచి కాస్త పట్టుకో తమ్ముడూ"

గంజాయి. ఈ మాట చెప్పకుండా సీలేరు దారి గురించి రాస్తే బాటసారికి ద్రోహం చేసినట్లే. కొండల్లో సాగయిన గంజాయిని మైదానానికి దాటించేవారికి ఒంటరి ప్రయాణికుడు దొరికితే పండుగ. మాటా మాటా కలుపుతారు. టీ తాగిస్తారు. ఎక్కడ పడుకోవాలో చూపిస్తారు. తెల్లారి బస్సెక్కేటప్పుడు "ఈ సంచి కాస్త పట్టుకో తమ్ముడూ, నర్సీపట్నంలో మా వాడు తీసుకుంటాడు" అంటారు. రాత్రి సాయం చేసిన మనిషి కదా అని మొహమాటపడితే బతుకు బుగ్గే.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలకు మించి గంజాయి పట్టుబడితే పదేళ్లకు తక్కువ కాని, ఇరవై ఏళ్లవరకు కఠిన శిక్ష. పైగా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. సంచిలో ఏముందో తెలియదంటే సరిపోదు. తెలియదని రుజువు చేసుకోవలసిన భారం సంచి మోసినవాడిదే. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరిట వేల ఎకరాల తోటలు నరికించారు. చెక్‌పోస్టుల్లో బస్సులు ఆపి సంచులు విప్పించడం ఈ దారిలో పరిపాటి. నడిపించే పెద్దలు ఎక్కడో పట్నంలో ఉంటారు. జైలుకు పోయేది మాత్రం కూలి డబ్బుకు ఆశపడిన గిరిజన కుర్రాడు, మొహమాటపడిన బాటసారి.

ఊళ్లోవాళ్లు ముందు ఎగాదిగా చూస్తారని పైన చెప్పిన సంగతికి కారణం ఇదే. వచ్చినవాడు టీచరా, బేరగాడా అన్నది చీకట్లో ముఖం చూసి చెప్పడం కష్టం. గుర్తింపు కార్డు, పోస్టింగు ఉత్తర్వు కాగితం చేతికందేలా పెట్టుకుని దిగినవారికి ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఆడపిల్ల ఒంటరిగా వస్తే

ఆడవారి సంగతి వేరే చెప్పాలి. ఉద్యోగంలో చేరే ఆడపిల్లకు మొదటిసారి తండ్రో, అన్నో తోడు వస్తాడు. బడిలో దింపి, వార్డెన్‌కు అప్పగించి, మర్నాడు తిరిగి వెళ్తాడు. కష్టం అప్పుడు రాదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు వస్తుంది. అప్పుడు తోడెవరూ ఉండరు. బస్సు గూడెం కొత్తవీధిలోనే ఆలస్యమైతే సీలేరు చేరేసరికి ఊరంతా నిద్రపోతుంది. చుట్టూ వెలుతురు లేదు. కాలకృత్యాలకు చోటు లేదు. అరుగుమీద పడుకునే స్వేచ్ఛ మగవాడికి ఉంది గాని ఆడదానికి ఎక్కడిది?

ఇటువంటప్పుడు ఆదుకుంటున్నది ఆర్టీసీ కండక్టర్లు, డ్రైవర్లే అని చెప్పాలి. చాలామంది ఒంటరి ఆడపిల్లను చీకట్లో దింపి తమ దారిన పోరు. హారన్ కొట్టి ఎవరినో లేపుతారు. ఆ ఇంటి ఇల్లాలు బయటికి వస్తుంది. "రా అమ్మా, లోపలికి రా" అన్న మాట వినబడిన తర్వాతే బస్సు కదులుతుంది. రూల్సు పుస్తకంలో ఇది ఎక్కడా రాసి ఉండదు. మన్యం దారుల్లో పనిచేసేవాళ్లు ఒకరినుంచి ఒకరు నేర్చుకున్న పద్ధతి. ఇల్లాలు చోళ్ల జావో, రాత్రి మిగిలిన అన్నమో పెడుతుంది. మాటల్లో తెలుగు కొంత, ఆదివాసీ ఒడియా కొంత. సగం అర్థం కాకపోయినా కడుపు నిండుతుంది. కాని ఎవరో ఒక ఇల్లాలి మంచితనం మీద ప్రభుత్వోద్యోగి రాత్రి గడవాలా అన్న ప్రశ్న మిగిలే ఉంది. తలుపు గొళ్లెం పడే ఒక గది, ఒక దీపం, ఒక మరుగుదొడ్డి. కొండల్లోకి ఉద్యోగులు రావడంలేదని వాపోయే శాఖలు ఈ మూడింటికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి చూస్తే బాగుంటుంది.

భూమికి అటువైపున

కొత్త ఊళ్లో మొదటి రాత్రి కష్టం సీలేరుకే పరిమితం కాదు. సీలేరులో అర్ధరాత్రి అయ్యేసరికి, భూగోళానికి అటువైపు దక్షిణ అమెరికాలో బొలీవియా దేశపు లాపాజ్ నగరంలో మధ్యాహ్నం రెండున్నర. ఆ నగరానికి విమానంలో ఒంటరిగా వెళ్లే ప్రయాణికుడు దిగేది ఎల్ ఆల్టో అనే చోట. సముద్రమట్టానికి 4,000 మీటర్ల పైన. మన లంబసింగికి నాలుగు రెట్ల ఎత్తు. దిగి నాలుగు అడుగులు వేసేసరికి రొప్పు, రాత్రికి తలనొప్పి, నిద్ర పట్టదు. గాలి పలచన కావడమే కారణం. అక్కడివారు దాన్ని సొరోచే అంటారు. కోకా ఆకు కాచిన నీళ్లు తాగిస్తారు. మొదటి రాత్రి బరువు మోయవద్దు, కడుపు నిండా తినవద్దు, నెమ్మదిగా నడువు అంటారు. అక్కడి కొండజాతి ఐమారాలు తరాలుగా అదే గాలి పీల్చి బతుకుతున్నారు గనుక వారికి అది కష్టమే కాదు.

అంత దూరం పోయే తెలుగు కుర్రాడు మాత్రం ఇంట్లోనే సెల్‌ఫోన్‌లో చూసి మొదటి రాత్రికి గది ఖాయం చేసుకుంటాడు. విమానాశ్రయంలో ఏ టాక్సీ ఎక్కాలో, ఎంత ఇవ్వాలో ముందే తెలుసుకుంటాడు. రాత్రి కాక పగలు దిగే విమానం చూసుకుంటాడు. సముద్రాల అవతలికి పోయేవాడికి ఉన్న ఈ జాగ్రత్త, సొంత రాష్ట్రంలో సీలేరుకు పోయేటప్పుడు ఉండదు. మన ఊరే కదా, మన భాషే కదా అనుకుంటాడు. ఆ ధీమాయే అరుగుమీద కూర్చోబెడుతుంది.

తెల్లవారితే

నిద్రలేని కళ్లకు మొదట కనిపించేది మంచు. కొండలు కనబడవు. ఏరు కనబడదు. తెల్లటి దూది కప్పినట్లు ఉంటుంది. కాసేపటికి పొయ్యిలు రాజుకుంటాయి. రాత్రి అనుమానంగా చూసిన టీ బడ్డీ ముసలాయనే వేడి గ్లాసు చేతికిచ్చి, "రాత్రి చలేసిందా బాబూ?" అని అడుగుతాడు. కాలనీనుంచి షిఫ్టు మారిన ఉద్యోగులు వస్తారు. గూడేలనుంచి మనుషులు దిగుతారు. సంతరోజైతే కావిళ్లలో పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు, చీపుళ్లు వస్తాయి. రాత్రి దెయ్యాల కొంపలా కనబడిన సెంటర్ ఎనిమిదయ్యేసరికి కాలు పెట్టడానికి చోటు లేకుండా ఉంటుంది.

ఫిట్టరు పవర్‌హౌస్ దారి పడతాడు. చిత్రకొండ వర్తకుడు జీపు దొరకబుచ్చుకుంటాడు. పట్నం కుర్రాళ్లు డొంకరాయి, మోతుగూడెం మీదుగా చింతూరు పోయే బస్సు వేళ కనుక్కుంటారు. రాత్రి పడ్డ కష్టం అప్పుడే వాళ్లకు వేడుకగా మారిపోయి ఉంటుంది.

టీచరు పని మాత్రం ఇంకా కాలేదు. పోస్టింగు కాగితం మీద సీలేరు అని ఉండదు. కొండ వెనక మరో గూడెం పేరు ఉంటుంది. అక్కడికి బస్సు లేదు. ఎవరైనా మోటారు సైకిలు మీద దింపాలి, లేదా గెడ్డ దాటి నడవాలి. టీ బడ్డీ ముసలాయన కాగితం తిరగేసి మరగేసి చూసి, కావిడి దించుకుంటున్న ఒక మనిషిని కేకేస్తాడు. అది ఆ మనిషి ఊరే. సంత ముగిసి అతను తిరిగి వెళ్లేది మధ్యాహ్నం తర్వాత. అంతవరకు సంచి బడ్డీలో పెట్టుకోమంటాడు ముసలాయన.